సగం బానెట్

జీవన్ మీద ఎవరికైనా ఫిర్యాదు రాసివ్వాల్సి వస్తే అందులో ఏం రాయాలో వసంతకు పన్నెండేళ్ళ కాపురం తర్వాత కూడా తేలలేదు. తాగడు, కొట్టడు, పేకాటకు పోడు. పైగా తెల్లవారకముందే లేచి దుమ్ము దులుపుతాడు. కాకపోతే దులిపేది కారు ఒక్కదాన్నే. సిరిసిల్లలో రెండు కరెంటు మగ్గాలు నడిపించుకునే వాళ్ళక్క సత్యవ్వ అమ్ముడుపోని గుడ్డముక్కలు మూటగట్టి పంపిస్తుంది, ఆ మూటలోంచి రోజుకో కొత్త ముక్క తీసి, నీళ్ళ చుక్క తగలకుండా, టాపు మీది నుంచి చక్రాల దాకా గీసి గీసి తుడుస్తాడు. షార్జాలో అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్నప్పుడు అబ్బిన గుణం. అక్కడ కారు మీద దుమ్ము కనబడితే యజమాని ఒకపక్క తిడతాడట, పోలీసు ఇంకోపక్క జరిమానా వేస్తాడట. కోరుట్లలో కారు మీద దుమ్ముంటే తిట్టేవాడూ లేడు, జరిమానా వేసేవాడూ లేడు, అయినా ఆ చెయ్యి ఊరుకోదు. ఇదే చెయ్యి వసంత మొహం మీది చెమటను తుడిచింది జన్మలో ఒక్కసారి, అదీ పెళ్ళిలో ఫొటోగ్రాఫరు చెబితే. ఆ ఫొటో ఇంకా హాల్లో వేలాడుతోంది, సాక్ష్యంగా.

ఇప్పుడు ఫిర్యాదు రాసే తీరిక లేదు. నాలుగు దాటింది. అయిదింటికి రాజేశం వస్తాడు. జగిత్యాలలో వీసాలు తెప్పించే సేటు దగ్గరి మనిషి అతను. సమ్మెతో బస్సులన్నీ డిపోలో పడుకున్నాయి కాబట్టి మోటారు సైకిలేసుకుని ఊరూరా తిరిగి, పాలు పోగు చేసుకునేవాడిలా పాస్‌పోర్టులు పోగు చేసుకుంటున్నాడు. కోరుట్లలో మూడు, తర్వాత మల్లాపూర్‌లో రెండు. కోరుట్ల మూడింటిలో ఒకటి ఇదిగో, లోపల టీవీ మీద, ప్లాస్టిక్ కవరులో, ఎవరో చుట్టమొచ్చి కూర్చున్నట్టు దర్జాగా ఉంది. జీవన్, చౌరస్తాలో జరిగే వంటా వార్పుకు పోయాడు. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి, పులగం వండి, అందరూ వరసగా కూర్చుని తిని, మా రాష్ట్రం మాకివ్వమని అడగడం. మైకు ఇక్కడికి వినబడుతూనే ఉంది, ఒకాయన గొంతు బొంగురుపోయి ఆగుతుంటే మధ్యలో డప్పు అందుకుంటోంది. మైకు ఆగితే తినడం అయిపోయినట్టు, తినడం అయిపోతే ఆయన బయల్దేరినట్టు. మన ఊరు మనకే కావాలని నడిరోడ్డు మీద విస్తరేసుకుని తిన్న మనిషి, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చి, ఆ చేత్తోనే పాస్‌పోర్టు తీసి రాజేశానికిస్తాడు. ఈ మాట వసంత ఎవరితోనూ అనలేదు. అంటే ఉద్యమాన్ని వెక్కిరించినట్టు ఉంటుంది, అనకుంటే గొంతులో మక్కపొట్టు ఇరుక్కున్నట్టు ఉంటుంది.

అందుకే ఈ గుడ్డ, ఈ డబ్బా, ఈ గొంతుక్కూర్చోడం. బానెట్ ముందు పీట వేసుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, వాకిట్లో పందిరిలా కట్టిన తాటిపత్రి పట్టా నీడలో. ఎనిమిది నెలల కింద సెకండ్‌హాండులో కొన్నప్పుడు ఈ కారు నల్లగానే ఉండేది, నిగనిగ కాకపోయినా నలుపు అని ఒప్పుకునేంత నలుపు. కిరాయికి తిప్పుకుంటా, ఇగ పోను అన్నాడు. ఆ మాట విన్న రాత్రి వసంత కారును చూసి దండం పెట్టినంత పని చేసింది. తీరా ఎండాకాలం దాటేసరికి బానెట్టూ టాపూ బూడిద పూసుకున్నట్టు తెల్లబోయాయి, కిరాయికి అడగడానికి వచ్చినవాళ్ళు దాన్నొకసారి చూసి, మళ్ళీ వస్తామని మంచినీళ్ళు తాగి పోయేవాళ్ళు. కారు మొత్తంలో మెరిసేది నంబరు ప్లేటొక్కటే. దాని మీద ఏపీ అనే రెండక్షరాలు చెరిపి టీజీ అని నల్లరంగుతో ఆయనే రాశాడు, ఆ రెండక్షరాలకు పట్టిన బ్రష్షు ఇంకో గజం పైకి పోనిస్తే ఎంత బాగుండేదో. ఎండకు పోయిందే, సచ్చిన బండి, దీన్నెవలు ఎక్కుతరు అని ఆయనకాయనే తేల్చేసుకున్నాడు. తేల్చుకుని జగిత్యాల పోయి సేటుకు మాటిచ్చి వచ్చాడు. వచ్చి చెప్పాడు. అడగలేదు, చెప్పాడు, రేపు కరెంటు ఉండదట అని చెప్పినట్టు. మొదటిసారి కూడా అంతే కదా, పెళ్ళైన ఆరోనెల, ఆమె వంటింట్లో చారు పోపు పెడుతుంటే గుమ్మంలో నిలబడి వీసా వచ్చింది అన్నాడు, పోపు మాడింది, మాడిన చారే తిని మంచిగుందని వెళ్ళిపోయాడు, పదకొండేళ్ళకు.

ఎండకు కాదు. ఆ సంగతి ఈ పొద్దున హైదర్ చెప్పాడు. హైదర్ జగిత్యాల రోడ్డులో కార్లకు సొట్టలు తీసి రంగులు వేస్తాడు, జీవన్‌తో ఏడో తరగతి దాకా చదివాడు. బందు కదా, షాపు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. వసంత వంగి లోపలికి దూరి, కారు ఫొటో ఫోన్లో చూపించి, దీనికి మళ్ళీ రంగు వేయించే స్తోమత లేదు, ఇంకేదైనా ఉందా అని అడిగింది. అతను ఫొటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, నవ్వాపుకున్నాడు. బానెట్ నిండా సన్నగీతలు, సాలెగూడు అల్లినట్టు. "గిది ఎండ పని కాదు వదినా, చేతి పని. రోజు ఎండుగుడ్డతోని దుమ్మును గుంజుతున్నడు. దుమ్మంటే ఏంది, సన్న ఇసుకనే గదా. మా భాయ్ ప్రేమతోని గీకి సంపిండు." షార్జాలోనైతే మెత్తటి గుడ్డలుంటాయి, పైపులో నీళ్ళుంటాయి, ఇక్కడ సత్యవ్వ మూట ఉంది. తర్వాత అటకమీంచి పాత రంగు మీద రుద్దే కాంపౌండు సగం మిగిలిన డబ్బా, చిన్న మైనం డబ్బా తీసిచ్చాడు. సబ్బునీళ్ళతో కడుగు, తడి ఆరనియ్యి, నీడలో పెట్టు, పళ్ళెమంత జాగా మించి ఒక్కసారి పట్టుకోకు, ఎండకముందే తుడిచెయ్యి, కొత్తగుడ్డ వద్దు, ఎన్నో ఉతుకులు పడ్డ నూలుగుడ్డ కావాలి, రేకు గట్టులా లేచినచోట చెయ్యి తేలిగ్గా పోనియ్యి, అక్కడ రంగు పలుచన. గుడ్డకు నలుపు అంటితే బండి బతికున్నట్టు, అంటకపోతే పైన అద్దంలాంటి పొరేదో ఉన్నట్టు, అప్పుడు మన చేతుల్లో లేదు. అన్నీ చెప్పి, చివర తేలిగ్గా అన్నట్టు అన్నాడు, శుక్రవారం వాళ్ళమ్మ మహమూదా బేగం హజ్‌కు పోవాలట, బస్సులు లేవు, హైదరాబాద్ దాకా కారు కావాలి, ఆ కారుకు పూలదండలు వేసి వీధంతా సాగనంపుతారు, మరి బూడిద రంగు కారుకు దండ వేస్తే ఏమనుకుంటారు అంటుందట చెల్లె లుబ్నా. నల్లగ జేసి సూపియ్యి వదినా, అమ్మను మీ బండిలనే కూసోవెడత, అమ్మ కూసున్నదంటే గల్లీ మొత్తం కూసుంటది.

గుడ్డకు నలుపు అంటింది. మొదటి పళ్ళెమంత జాగాలోనే, రుద్దిన నాలుగు చుట్లకే, పొయ్యిమీది గిన్నె తోమినంత నలుపు. లోపలినుంచి ఏదో ఎగిరి గంతేసింది, బతికే ఉంది, బతికే ఉంది. అదే సమయానికి అరుగు మీద మక్కలు ఒలుస్తున్న అత్త అంజవ్వ తలెత్తింది.

"రంగంత ఊడ్సినవు గదనే పిల్లా. గీ గుడ్డ జూడు, బొగ్గుల మీద పడుకున్నట్టున్నది."

చెప్పింది వసంత, పైన చచ్చిన పొర పోతేనే కింద ఉన్నది బయటపడుతుందని, గాలి తగిలి రంగు మీద ఆక్సైడ్ కడుతుందని. జగిత్యాల డిగ్రీ కాలేజీలో మూడేళ్ళు పోయింది ఆమె, రోజూ కోరుట్ల నుంచి బస్సులో, కిటికీ పక్క సీటు కోసం పరిగెత్తి. ప్రాక్టికల్స్‌లో మెగ్నీషియం రిబ్బను వెలిగిస్తే కళ్ళు చెదిరే వెలుగు వచ్చి, ఆఖరికి చిటికెడు తెల్లటి బూడిద మిగిలేది. ఆ బూడిదను రికార్డులో రాస్తే పది మార్కులు వేశారు. ఆ పది మార్కులు జీవితంలో పనికొచ్చిన మొదటి రోజు ఇదేనేమో, అదీ మక్కలు ఒలిచే అత్తకు పాఠం చెప్పడానికి. అత్త ఆక్సైడ్ అన్న మాట విని, అది షార్జాలో దొరికే వస్తువేమో అన్నట్టు తలూపి, కంకి మార్చింది. ఆమెకు కొడుకు పోవడం ఇష్టమో కాదో ఎవరికీ తెలియదు. పోయినప్పుడల్లా గడపలో నిలబడి పైలం కొడుకా అంటుంది, వచ్చినప్పుడల్లా సన్నబడ్డవు కొడుకా అంటుంది. మధ్యలో ఏమంటుందో వసంత ఒక్కతే విన్నది, తెల్లవారుజామున కట్టెలపొయ్యి ఊదుతూ తనలో తాను గొణుక్కునే కొడుకు పేరు.

రెండో పళ్ళెం, మూడో పళ్ళెం. భుజం లాగుతోంది. మైకులో ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎక్కడో బండి చప్పుడు, ఆయనేనా, కాదు, పాలవాడు. నాలుగో పళ్ళేనికి కాంపౌండు పూసి, బండి చప్పుడు మళ్ళీ వినబడితే గేటు దాకా పోయింది, రాజేశం ముందే వస్తే ఏం చెయ్యాలి, పాస్‌పోర్టు మక్కల గంపలో పడేస్తే, అత్త కింద పెడితే, ఆమె లేవదు కదా చీకటి పడేదాకా, ఛీ, చదువుకున్న మనిషి చేసే పనేనా, కానీ అత్త లేవదు, అది మాత్రం నిజం. నవ్వొచ్చింది. వెనక్కి తిరిగేసరికి నవ్వు ఎండిపోయింది. నీడ జరిగింది. తాటిపత్రి నీడ తన పాటికి తాను గోడవైపు పోయింది, బానెట్ మీద ఎండ నేరుగా పడుతోంది, కాంపౌండు సున్నంలా గట్టి కట్టింది. తుడిస్తే రాలేదు. గట్టిగా తుడిస్తే తెల్లగా పాకింది, ఇందాక నల్లబడ్డ మొదటి మూడు పళ్ళాల మీదికి కూడా. ముందున్న బూడిద కంటే అధ్వాన్నంగా, పెళ్ళిపందిట్లో ముగ్గుగిన్నె ఒలికినట్టు. హైదర్‌కు ఫోన్ చేద్దామంటే ఫోన్లో ఛార్జింగ్ లేదు, పొద్దున ఎనిమిదికి పోయిన కరెంటు, బొగ్గుబావుల్లో కూడా సమ్మే, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు. ఫోన్ అంటే గుర్తొచ్చింది, శుక్రవారం శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, పదకొండేళ్ళు, మొదట అమ్మతో, తర్వాత పిల్లతో, చివర తనతో, తన వంతు వచ్చేసరికి కార్డులో నిమిషాలు అయిపోయేవి, ఏందే ఏమన్న ఉన్నదా అనేవాడు, ఏం లేదు అనేది, ఇద్దరూ నిజమే చెప్పేవాళ్ళు. పిల్ల ఇప్పుడు బడి లేదని సిరిసిల్లలో మేనత్త దగ్గరుంది. మొన్న ఫోన్ చేసి నాయన ఎప్పుడు పోతడు అని అడిగింది, పోతడా అని కాదు. తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా ఎప్పుడు అన్నదొక్కటే ప్రశ్న. ఈడ ఏమున్నది అంటాడు ఆయన. ఏమున్నదో చూపిద్దామని కూర్చుంటే సున్నం చూపించేట్టుంది.

ఆలోచించు, బీఎస్సీ. గట్టిపడ్డది ఏదైనా దేనితో కరిగిందో దానితోనే మళ్ళీ మెత్తబడుతుంది. చొక్కామీది గంజి కూడా అంతే. కారును ముందుకు తోయాలి, నీడలోకి. చేతిబ్రేకు తీసి వెనకనుంచి తోస్తే కదల్లేదు. అంజవ్వ ఒళ్ళోంచి మక్కలు దులుపుకుని వచ్చి, రెండో మూల పట్టుకుంది. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డ అంజవ్వ, కారు ఎక్కితే కళ్ళు తిరుగుతాయనే అంజవ్వ. కారు జానెడు, బారెడు, నీడలోకి జారింది. తర్వాత అత్త లోపలికి పోయి, తన పాత నేత చీర తెచ్చి, అంచు పళ్ళతో కొరికి, పర్రున చింపింది. ఉతికి ఉతికి మీగడలా అయిన చీర. మామ ఉన్నప్పుడు కొన్నది అని వసంతకు తెలుసు, వద్దని అనబోయింది, అనేలోపే రెండో చింపు కూడా అయిపోయింది. తడిపి పిండిన ముక్కతో అద్ది, కాస్త కొత్త కాంపౌండు వేసి తిప్పితే సున్నం మెల్లగా పట్టు వదిలింది. ఒకటి, రెండు, మూడు. అయిదో పళ్ళెం. మైనం పలుచగా. ఇంకో ముక్కతో ఆఖరి తుడుపు. తాటిపత్రి చిరుగులోంచి పడ్డ ఆకాశం ముక్క బానెట్‌లో నీలంగా నిలబడింది. ఆ తొందరలో, ఆ సంతోషంలో, బానెట్ నడిమి గట్టు మీద చెయ్యి రెండుసార్లు ఎక్కువ పోయింది. బొటనవేలి గోరంత జాగాలో నలుపు పోయి కింద పూసిన ఎర్రమన్ను రంగు నవ్వింది. ఈసారి కాంపౌండుతో పని లేదు. రంగు పోయిందంటే పోయినట్టే, దీనికి రసాయన శాస్త్రంలో మార్గం లేదు. వసంత అటూ ఇటూ చూసి, ఇంట్లోకి పోయి, అద్దం ముందున్న కాటుక డబ్బీ తెచ్చి, చంటిపిల్లకు చుక్క పెట్టినంత జాగ్రత్తగా అద్దింది.

మైకు ఆగింది.

బానెట్‌లో సగం అయింది, సగం కాలేదు. ఇంకొక గంట ఉంటే, ఇంకొక్క అరగంట. గేటు చప్పుడైంది. జీవన్ మెడలో గులాబీ కండువా, ఒంటినిండా కట్టెపొగ వాసన, మీసానికి ఒక మెతుకు. లోపలికి, టీవీ వైపు, పోబోతున్నవాడు ఆగాడు. కుడివైపు బూడిద, ఎడమవైపు నలుపులో ఆయనే, కండువాతో సహా. వంగి పక్కనుంచి చూశాడు, ఇంకోపక్కనుంచి చూశాడు, ఎవలు జేసిండ్రు అన్నాడు. ఎవరు చేసిందీ ఆమె చీరే చెబుతోంది కాబట్టి వసంత, మీ అక్క పంపిన గుడ్డ మాత్రం చెయ్యలే అంది. అని, హైదర్ చెప్పిందంతా చెప్పింది. ఎండ కాదని, ఎండుగుడ్డ అని. అబద్ధం, ఎండకే పోయింది, నేను షార్జాల పదకొండేండ్లు తుడ్సిన నాకు తెల్వదా అన్నాడు మొదట. తర్వాత బూడిద వైపు వంగి ఆ సాలెగూడును చూశాడు, తన చెయ్యి రోజూ తిరిగిన తోవ అచ్చం అలాగే ఉంది. నల్లటి వైపు వేలితో నిమురుతూ పోతుంటే గట్టు దగ్గర వేలికి మసి అంటింది.

"గిదేంది?"

"కాటుక."

"కారుకా?"

"దిష్టి తగలకుంట." అని, ఆయన కళ్ళలోకి చూసేసరికి అబద్ధం ఎక్కువసేపు నిలబడలేదు. "ఆడ నేను జర ఎక్కువ గీకిన. రంగు పోయింది. నా తప్పే."

ఆయన ఆమె చేతిలోంచి చీరముక్క తీసుకున్నాడు. పళ్ళెమంత జాగా, అంది ఆమె, గట్టు మీదికి పోకు. కండువా తీసి అరుగు మీద పెట్టి, పీట మీద కూర్చుని, డబ్బాలో వేలుముంచి, బూడిద వైపు పూశాడు. శుక్రవారం సంగతి, మహమూదా బేగం సంగతి, పూలదండల సంగతి వసంత వరసగా చెబుతూ పోయింది, నిమిషాలు అయిపోతాయేమో అన్నట్టు తొందరగా. ఆయన విన్నాడో లేదో, చెయ్యి మాత్రం ఆగలేదు. గేటు ముందు మోటారు సైకిలు ఆగి రెండుసార్లు హారను కొట్టింది.

"బావా, పాస్‌పోర్టు తే జల్ది. పొద్దుమూకకముందే మల్లాపూర్ల ఉండాలె."

"ఆగు," అన్నాడు జీవన్, తలెత్తకుండా. "నడిమిట్ల ఇడిస్తే ఎండిపోతది."

"ఎండితే ఎండనియ్యి. పోయేటోనివి, నీకెందుకు?"

అంజవ్వ చేతిలో మక్కకంకి ఆగింది. జీవన్ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది, మెల్లగా, చుట్టుమీద చుట్టు, తెల్లటిదంతా పోయేదాకా. ఇంకో ముక్క తీసుకుని తుడిచాడు. లేచి నిలబడి, చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అంగీకే తుడుచుకుని, గేటు దాకా పోయి, నేను పోత లేను, సేటుకు చెప్పు అన్నాడు. రాజేశం బండి ఆపు చేసి దిగాడు. నాలుగు దినాల కిందనే గదా మాటిచ్చినవు, నీ మాట జూసి నేను ఇంకొకనికి లేదన్న, మాటంటే నీకు ఆటనా అని గల్లీకి వినబడేట్టు అడిగాడు. ఇచ్చిన అన్నాడు జీవన్, ఇచ్చుడే జేసిన. రాజేశం ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, కానీ జీవన్ అప్పటికే వెనక్కి తిరిగాడు. తల్లి వైపు కాదు, కారు వైపు కాదు.

"ఇంట్ల నిన్నడగకుంట ఇచ్చిన. అప్పుడు గట్లనే జేసిన, ఇప్పుడు గట్లనే జేసిన," అన్నాడు, రాజేశం వింటుండగానే. "తప్పు నాది, వసంతా."